ఇనుప దరువు

"...పియానో పెట్టినాక అది మన బ్యాండెట్లా అవుతుంది సుధాకరన్నా? ముసలోళ్లయి మెత్తబడినారు," అంటున్నాడు నరేంద్రబాబు. ముత్తుకూరు దగ్గర పవర్ ప్లాంటులో ఇద్దరిదీ ఒకే షిఫ్టు. ఇనుప మోతలతో పాటలు కట్టే ఆ విదేశీ బ్యాండంటే ఇద్దరికీ కాలేజీ రోజుల నుంచీ పిచ్చి. సుధాకర్ స్క్రూడ్రైవర్ మొనను, వాళ్ల కొత్త పాట మోగుతున్న స్పీకరుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కి, కళ్లు మూసుకున్నాడు. ప్లాంటులో తిరిగే యంత్రాల బేరింగులు చెడ్డాయేమోనని అతను వినేదీ అలాగే. అతను చెడిందన్నదాన్నే మారుస్తారు.

"పియానో కింద పాత దరువు అట్నే ఉండాది," అంటూ బొగ్గుపొడి పట్టిన వేలితో బల్ల మీద తాళం వేశాడు. నరేంద్రబాబు చప్పుడు చేయకుండా స్పీకరు ఆపేశాడు. తాళం ఆగలేదు.

"ఇంకా వినపడతా ఉందా అన్నా?"

"ముందుకంటే బాగా."

సుధాకర్ కళ్లు తెరిచి, స్పీకరు మీద ఆరిపోయిన చిన్న లైటును చూశాడు. వేలు కొడుతూనే ఉంది.

"రేపట్నించి బేరింగులు నువ్వు విను," అన్నాడు.