మోకాటి లోతు నీళ్ళకు పదిహేను గుర్రాలు

మా బావిని కరువు ఎండగట్టలేదు. నేను ఎండగట్టాను. అదీ మా ఆవిడ చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకునేలోగా. కోయంబత్తూరు జిల్లాలో ఇంతటి ఘనకార్యం ఇంకెవరైనా చేసి ఉంటే రమ్మనండి, కాఫీ ఇప్పిస్తాను.

అప్పటికి నాకు ముప్పై దాటాయి గాని బుద్ధి ఇంకా ఇంట్లోంచి బయలుదేరలేదు. తుడియలూరు అవతల మా మామగారు కూతుళ్ళిద్దరికీ పక్కపక్కనే పొలాలిచ్చారు. ఒకటి మాది, రెండోది నా తోడల్లుడు రంగసామిది. ఆ ఏడు నేను చిన్న ఉల్లి వేశాను. ఇంట్లో ఉన్నదంతా ఆ మట్టిలోనే ఉంది. సరిగ్గా గడ్డ ఊరే సమయానికి మా పాత మోటారు కాలిపోయింది. వారంలోగా తడి అందకపోతే ఉల్లీ లేదు, మేమూ లేము. నా భార్య రాజీ గాజులు తీసి తాకట్టుకు ఇచ్చింది.

మీకొక సంగతి చెప్పాలి. మావైపు మగవాడి ఎత్తును మోటారు గుర్రాల్లో కొలుస్తారు. మాది మూడు గుర్రాలది. రంగసామి ఐదు పెట్టించినప్పటినుంచి నన్ను చూస్తే తల ఊపడం మానేసి కనుబొమ్మ మాత్రం ఊపేవాడు. ఆ కనుబొమ్మ నా కంచంలో పడి నాకు అన్నం సహించేది కాదు.

మోటార్ల అంగడికి ఇద్దరం వెళ్ళాం. అంగడాయన తమిళుడు. మూడు గుర్రాల మోటారు మీద చెయ్యి వేశాడు. రాజీ ఒక్క చూపు చూసి, "పోదుం" అంది.

మా ఇంటి తెలుగులో 'పోదుం' అంటే వెళ్దాం పద అని. ఈవిడకు ఇది ఆనలేదన్నమాట అనుకుని ఐదు గుర్రాల దగ్గరకు నడిచాను.

"పోదుం!" అంది, కాస్త గట్టిగా.

ఏడున్నర దగ్గరకు నడిచాను.

"పోదుం మామా, పోదుం!"

నా భార్య మనసు ఇంత విశాలమని అన్నాళ్ళకు తెలిసి నా కళ్ళు చెమర్చాయి. అంగడి చివర, పెళ్ళిలో అలిగిన పెద్దమనిషిలా, పదిహేను గుర్రాల మోటారు కూర్చుని ఉంది. దాని వెనక గోడ. ఇక పోవడానికి చోటు లేక అక్కడే ఆగి, గాజుల డబ్బు అడ్వాన్సు కట్టాను. రాజీ నెత్తి కొట్టుకుంది. అది ఆనందం అనుకున్నాను.

వీధిలోకి వచ్చాక అడిగింది. "మూడే పోదుమని అంతగా అరిస్తి గదా, చెవిలో ఏం పెట్టుకునుంటివి?"

"పోదుమంటివి, పోతిని."

"తమిళంలో అంటిని మామా! అంగడాయనకు తెలియాలని అంటిని!"

తమిళంలో 'పోదుం' అంటే చాలు. ఆవిడ చాలు అన్నకొద్దీ నేను ముందుకు నడిచానన్నమాట. తిరిగి ఇచ్చేద్దామంటే పరువు అడ్డం వచ్చింది. మోటారు అంత పెద్దదైతే పరువు ఎంత ఉంటుందో మీరే లెక్కేసుకోండి.

మోటారు బిగించి స్విచ్చి వేశాను. పైపులోంచి నీళ్ళు దూకిన దూకుడుకు పక్క తాలూకాలో గొడుగులు విప్పారని చెప్పుకున్నారు. గట్టు మీద రంగసామి పరుగెత్తి రావడం కనిపించింది. నా ఛాతీ ఉబ్బింది. అంతలో పైపు దగ్గింది. ఉన్న మోకాటి లోతు నీళ్ళూ అయిపోయి బురద వచ్చింది. ఆపైన ఒక కప్ప వచ్చి నావైపు నిదానంగా చూసి వెళ్ళిపోయింది. రాజీ బావిలోకి తొంగి చూసి చప్పున స్విచ్చి ఆపేసింది.

"ఏం సకలై, ఇంత ధారా! ఏల నిలిపితివి?" అంటూ తోడల్లుడు రొప్పుతూ వచ్చాడు. మావైపు తోడల్లుళ్ళు ఒకరినొకరు సకలై అనే పిలుచుకుంటారు.

నేను నోరు తెరిచేలోగా రాజీ, "కరెంటు పోయె బావా" అంది. ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"ఎన్ని గుర్రాలు?"

"పదిహేను. ఈ ధారకు మా మడి తాళదు బావా. గట్లు తెగిపోతుండాయి."

రంగసామి కనుబొమ్మ ఊపలేదు. రెండూ పైకి వెళ్ళి అక్కడే ఉండిపోయాయి. "నాది ఐదు మీరు ఉంచుకోండి. ఇది నాకు ఇడిసిపెట్టండి. పైడబ్బు మీరెంతంటే అంత!"

నేను "అది కాదు సకలై..." అన్నాను. రాజీ నా కాలు తొక్కింది.

మోటార్లు మారాయి. ఉల్లి బతికింది. పైడబ్బుతో అంగడి బాకీ తీరి గాజులు చేతికొచ్చాయి. రంగసామి బావి మా బావి కంటే లోతేమీ కాదు, అందుకని కొన్నాళ్ళు కర్ర పట్టుకుని వస్తాడని వీధిగుమ్మం వైపే చూస్తూ గడిపాను. రాలేదు. ఇప్పటికీ ఆ మోటారును చుట్టాలు వచ్చినప్పుడే వేస్తాడు. వాళ్ళు "అబ్బా!" అనగానే ఆపేస్తాడు. మొన్న మా గట్టు మీద కూచున్నాడు.

"సకలై, నా టమాటాకు రెండు మడుల నీళ్ళు వదలవా? వాడిపోతుండాది."

"దానికేం, వదులుతా."

"మోటారు మాత్రం నాదే పెద్దది, తెలుసునా!"

కనుక తూర్పు తిరిగి, తలస్నానం చేసి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పక్కవాడికి ఉందని ఈ జన్మలో మరే వస్తువూ కొనను. ట్రాక్టరు సంగతి ఈ ప్రమాణంలోకి రాదు. అది రంగసామి ఇంకా కొనలేదు.