జిమ్మా తీసుకోని డాక్టరమ్మ

నిజాంసాగర్ కాలువ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, ఆ నీళ్ల మీదే ఒట్టు: ఇక్కడ రాస్తున్న ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు. బాన్సువాడలో నేను వాన పడుతోందంటే జనం బయటికొచ్చి చెయ్యి చాపి చూసుకుంటారు. చూసుకోనీ. ఏస్తేరమ్మ డాక్టరు గురించి మాత్రం నేను అబద్ధం ఆడలేను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మొన్న బస్టాండు ముందు చెరకురసం బండి దగ్గర నిలబడ్డాను. కరెంటు లేక బండివాడు చక్రాన్ని చేత్తో తిప్పుతున్నాడు. ఆ ఇనుప పళ్ల గరగర చెవిన పడగానే నా కుడి భుజం దానంతటదే నొప్పి పెట్టింది. డెబ్బైల చివరి వానాకాలాల్లో ఆమె దవాఖానలో నేను తిప్పిన యంత్రం సరిగ్గా అలాగే అరిచేది. టేబుల్ అంచుకు బిగించిన చిన్న యంత్రం అది. పిడి తిప్పితే గాజు గొట్టాలు గిర్రున తిరిగి, అందులోని నెత్తురు అడుగుకు దిగి, పైన ఎండుగడ్డి రంగు నీళ్లు తేలేవి. రసం గ్లాసు అందుకున్నానే గానీ తాగబుద్ధి కాలేదు.

ఆమెను చూడని మీకోసం చెబుతాను. రైసుమిల్లు వెనక రెండు పెంకుటి గదులు, ఒక వరండా, అదే దవాఖాన. పొట్టిగా, బొద్దుగా ఉండేది. కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు చివరికి జారి ఉండేవి. జుక్కల్ వైపు కూలి కుటుంబంలో పుట్టి, మిషను బడిలో చదువుకొని, డాక్టరై తిరిగి ఈ నేలకే వచ్చింది. నేను పనికోసం వెళ్లినప్పుడు, నిజామాబాదు పెద్ద దవాఖానలో ఆపరేషన్లకు సాయం చేసి వచ్చానని, ఒకసారి డాక్టరు మధ్యలో భోజనానికి వెళితే కుట్లు నేనే వేశానని చెప్పుకున్నాను. ఆమె ఓపిగ్గా అంతా విని, ఒక్కటే అడిగింది.

"ఇన్ని వచ్చు గని, సాయిలూ, నీకు 'తెల్వదు' అనుడు వస్తదా?"

రాదని ఒప్పుకున్నాను. అయితే అది నేర్పుతానంటూ పనిలో పెట్టుకుంది. చూపించి నేర్పింది కూడా. రోగి కడుపు నొక్కి చూసి, ఇంటివాళ్లు నోరు తెరుచుకొని నిలబడి ఉండగా, "ఇది ఏందో నాకు ఇంక సమజ్ గాలే" అనేది. అలా అనే డాక్టరును నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

మా వైపు జిమ్మా అనే మాట లేనిదే ఏ పనీ కదలదు. పూచీ అన్నమాట. బావి తవ్వేవాడు నీళ్ల జిమ్మా తీసుకుంటాడు. విరిగిన ఎముక కట్టేవాడు కాలు జిమ్మా, పశువులకు మందు పోసేవాడు బర్రె జిమ్మా. తీరా నీళ్లు పడకపోయినా, కాలు వంకరపోయినా, బర్రె చచ్చినా ఎవరూ ఆ పెద్దమనిషిని నిలదీయరు. నుదుటి రాత అనుకొని ఊరుకుంటారు. కానీ ముందుగా ఆ మాట అననివాణ్ణి మాత్రం గడప తొక్కనివ్వరు. ఏస్తేరమ్మ జలుబుకు కూడా జిమ్మా తీసుకునేది కాదు.

ఆ ఏడు వరినాట్లు అయ్యాక మెదడువాపు జ్వరం వచ్చింది. పొలాల్లో నీళ్లు, నీళ్లలో దోమలు, ఊరి చివర పందులు. పొద్దున ఆడుకున్న పిల్లలు సాయంత్రానికి ఒళ్లు కాలిపోయి, కళ్లు తేలేసి, ఫిట్స్‌తో వచ్చేవారు. జ్వరం దించడం, ఫిట్స్ ఆపడం తప్ప పెద్ద దవాఖానల్లోనూ వేరే మందు లేదు. చదువుకునే రోజుల్లో తన గురువు ఒకరు ప్రయత్నించిన దారి డాక్టరమ్మకు గుర్తొచ్చింది. ఈ జ్వరంతో కొట్లాడి గెలిచిన మనిషి నెత్తురులో దాన్ని గుర్తుపట్టే కాపలావాళ్లు మిగిలి ఉంటారట. నెత్తురు గడ్డకట్టాక పైన తేలే నీళ్లలో, అంటే సీరంలో, వాళ్లుంటారట. ఆ సీరాన్ని కొత్తగా జబ్బుపడ్డవాళ్లకు ఎక్కిస్తే సాయపడవచ్చు. జ్వరం మెదడు లోపలికి దూరి గడియ వేసుకున్నాక మాత్రం కాపలావాళ్లు తలుపు బయటే నిలబడిపోతారు. కాబట్టి ఇస్తే మొదట్లోనే ఇవ్వాలి. ఇచ్చినా పనిచేస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. ఒంటికి పడకపోవచ్చు, కామెర్లు అంటుకోవచ్చు. ఇదంతా ఆమె నాతో ఎలా చెప్పిందో, రోగుల ఇంటివాళ్లతోనూ అలాగే చెప్పేది. అదే వచ్చిన చిక్కు.

సీరం కావాలంటే ముందు గెలిచినవాడు కావాలి. మల్లాగౌడ్ ఉన్నాడు. కిందటేడు ఈ జ్వరమే వచ్చి బతికాడు గానీ, ఎడమ చెయ్యి పైకి లేవక చెట్టెక్కడం మానేశాడు. అతణ్ణి ఒప్పించే పని నేను నెత్తికెత్తుకున్నాను. ఈత చెట్టును గీస్తే పొద్దుగాలకు కల్లు లొట్టి నిండినట్టే, ఇవాళ తీసిన నెత్తురు రేపటికల్లా ఊరుతుందని నా తరహాలో చెప్పాను. మల్లాగౌడ్ నన్ను కిందినుంచి మీదికి చూశాడు.

"ఎడతెగకుండ గీస్తే చెట్టు సస్తదిరా. గౌడోనికే కల్లు పాఠం చెప్పొచ్చినవా?"

డాక్టరమ్మ పడీపడీ నవ్వి, గౌడన్న చెప్పిందే నిజమని, ఊరడానికి చాలా రోజులు పడుతుందని, కొంచెమే తీసుకుంటానని, మళ్లీ అడగనని చెప్పింది. అతడు మంచి చెయ్యి చాపాడు. నిజం చెబితే మనుషులు వింటారని ఆ రోజు ఆమెకు గట్టిగా అనిపించి ఉంటుంది. అలా అనిపించకపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మొదటి సీరం ఒక కోస్తా రైతు కొడుక్కి ఎక్కింది. పిల్లవాడు బతికాడు. నేను ఊరుకుంటానా? ఆ పసుపుపచ్చ నీళ్లు నరంలోకి పోతుంటే జ్వరం బుస్సుమని చెవుల్లోంచి బయటికి వచ్చిందని, ఆ ఆవిరికి గోడ మీది బల్లి ఊడి కిందపడిందని చాయ్ హోటల్లో చెప్పాను. మాట డాక్టరమ్మ దాకా పోయింది. పిల్లవాడు బతికింది సీరంతోనో, వాడి సొంత దమ్ముతోనో తెలియదని, వెళ్లి అక్కడే ఆ మాట చెప్పి రమ్మని పంపింది. వెళ్లి చెప్పాను. నా జీవితంలో మొదటిసారి నిజం చెబితే, సాయిలుకు వినయం వచ్చిందని మెచ్చుకొని ఇంకో చాయ్ పోశారు.

ఆ బల్లి కథ బస్సెక్కి జుక్కల్ దాకా పోయింది. అది విని విఠల్ వచ్చాడు. జొన్న చేను, రెండు ఎడ్లు, తల్లిలేని కూతురు, అంతే అతని సంసారం. పిల్లకు ఆ ఉదయమే జ్వరం మొదలైంది, ఒక్కసారి ఫిట్స్ వచ్చింది. ఇంకా నీళ్లు అడుగుతోంది, నన్ను చూసి మామా అంటోంది. మల్లాగౌడ్ సీరంలో మిగిలింది మంచుగడ్డల డబ్బాలో సిద్ధంగా ఉంది. ఇంత తొందరగా ఎవరూ తీసుకురాలేదని డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. ఆమె చెప్పాల్సింది చెప్పింది. అంతా విని విఠల్ అడిగాడు.

"జిమ్మా నీదేనా, డాక్టరమ్మా?"

"జిమ్మా తీసుకోను, అన్నా. పనిచేస్తే చేస్తది, లేకుంటే లేదు. నాకు తెల్వదు. ఇచ్చేదైతే ఇప్పుడే ఇయ్యాలె."

విఠల్ నావైపు తిరిగాడు. నా నాలుక చివర ఆ మాట కూర్చుని ఉంది. డాక్టరమ్మ కళ్లద్దాల మీదినుంచి నన్ను చూసింది. మింగేశాను. ఆమెకే తెలియని మందు తన బిడ్డకు ఎలా ఎక్కించనిస్తానని విఠల్ గొణిగాడు. అందులో అతని తప్పేముంది? రాష్ట్ర సరిహద్దు అవతల మంత్రించి దారం కట్టే మనిషి ఉన్నాడు, ఆయన నిండు జిమ్మా తీసుకుంటాడని చెప్పి పిల్లను భుజానేసుకున్నాడు. డాక్టరమ్మ బస్టాండు దాకా వెంట నడిచింది, బతిమాలింది. ఆ ఒక్క మాట మాత్రం అనలేదు.

విఠల్ మళ్లీ తీసుకొచ్చేసరికి పిల్ల ఎవరినీ గుర్తుపట్టడం లేదు. మెడకు దారం ఉంది. అయినా డాక్టరమ్మ సీరం ఎక్కించింది. పక్కనే కూర్చుని పలచని ఒంటిని తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. పిల్ల దక్కలేదు. విఠల్ ఏడవలేదు, అరవలేదు. కూతుర్ని గొంగట్లో చుట్టుకొని వరండా దిగుతూ, నెమ్మదిగా అన్నాడు.

"అబద్ధమన్న ఆడకపోతివా, అమ్మా. నేను ఆగిపోతుంటి."

ఆ సాయంత్రం ఆమె యంత్రం ముందు కూర్చుని గొట్టాలు కడుగుతోంది. అప్పటికే కడిగినవే. నువ్వయితే ఏమనేవాడివని అడిగింది. నా జిమ్మా అనేవాణ్ణన్నాను. పిల్ల చనిపోతేనో? మహా అయితే నన్ను తిట్టుకునేవాడు అన్నాను. మొదట్లోనే ఇచ్చి ఉంటే బతికేదా అని నేను అడిగాను. ఆమె కడిగిన గొట్టాన్నే మళ్లీ అందుకుంది.

"తెల్వదు, సాయిలూ," అంది. "గదే నన్ను సంపుతుంది."

కొన్నాళ్లకు నస్రుల్లాబాద్ వైపునుంచి ఒక నాటుకూలీ తన కొడుకును ఎత్తుకొచ్చింది. మళ్లీ అదే జ్వరం, అదే మొదటి రోజు, అదే ప్రశ్న. డాక్టరమ్మ పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టి, ఆ తల్లి కళ్లలోకి చూస్తూ అంది.

"పాణం జిమ్మా నా చేతుల లేదు, బిడ్డా. పక్కన కూసునే జిమ్మా నాది. వీడు లేచేదాక ఈ మంచం ఇడ్సి నేను కదల."

ఆ తల్లి కూర్చుంది. సీరం ఎక్కింది. పిల్లవాడు లేచాడు, మాటకు కాస్త నత్తి వచ్చిందంతే.

ఇక ఒప్పుకోవాలి. ఈ చివరి ముక్క నేను కల్పించాను. మిగిలినదంతా నిజమే, బల్లి కథ నేను చెప్పానన్నదీ నిజమే. నాటుకూలీ వచ్చింది నిజం, జిమ్మా అడిగింది నిజం. డాక్టరమ్మ నోరు తెరిచింది, పెదవులు కదిలాయి, కానీ "తెల్వదమ్మా" అనే వచ్చింది. ఆ తల్లి కొడుకును చంకనేసుకొని వెళ్లిపోయింది. ఆ పిల్లవాడు ఏమయ్యాడో మాకెవరికీ తెలియలేదు. ఆ వానాకాలం తర్వాత ఆమె సీరం తీయడం మానేసింది. కొన్నేళ్లకు దవాఖాన మూసి జుక్కల్ వెళ్లిపోయింది, అక్కడే పోయింది.

కూర్చునే జిమ్మా అన్న మాట నాకు తోచింది చాలా తర్వాత, మా బావ పక్షవాతంతో పడిపోయి, మంచం పక్కనున్న మా అక్క నా చెయ్యి పట్టుకొని జిమ్మా అడిగినప్పుడు. అందులో అబద్ధం లేదు. ఏస్తేరమ్మ అనగలిగే మాటే. కూర్చోవడం ఆమె ఎలాగూ చేసేది, ఏ మంచం దగ్గరా ముందుగా లేచింది కాదు. ఆ సంగతి మాటల్లో చెప్పుకోవడమే ఆమెకు రాలేదు. మాటలు తప్ప మరేమీ రాని నేను పక్కనే ఉండి అందించలేకపోయాను. అందుకే ఈ కథ ఎవరికి చెప్పినా ఆ మాట ఆమె నోటనే పెడతాను. ఆ తల్లిని కూర్చోబెడతాను.