పేరు లేని కాగితం

కొన్నేళ్ల కిందట నేను పాఠాలు చెప్పే కాలేజీలో విద్యార్థుల తాగుడు మీద పరిశోధన జరిగింది. బయటినుంచి వచ్చిన పరిశోధకురాలికి నేను సాయం చేశాను. చలికాలం మధ్యాహ్నం. ఉక్కు ప్లాంటు వైపునుంచి వచ్చిన ఎర్రటి మసక కిటికీల్లో ఆగి, తరగతి మొత్తం నీళ్లలో తేలుతున్నట్టు ఉంది. పెన్నులు కదిలే చప్పుడొక్కటే. పేరు రాయక్కర్లేదు, ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, ఏ భాషలోనైనా రాయండి అని చెప్పింది నేనే.

ముఖ్యమైన ప్రశ్నలు రెండు. నువ్వెంత తాగుతావు? మిగతావాళ్లు ఎంత తాగుతారనుకుంటున్నావు? అందరూ తాగుతున్నారనుకోవడం వల్లే చాలామంది తాగుతారని, అసలు సంగతి చూపిస్తే తగ్గిస్తారని ఆవిడ నమ్మకం.

కాగితాలు సర్దుతుంటే ఒకటి చేతిలో ఆగిపోయింది. తెలుగు మాటలు, హిందీ అక్షరాలు. ఈ హిందీ ప్రాంతంలో పుట్టిన మన తెలుగు పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. ఆ తరగతిలో తెలుగువాడు ఒక్కడే. సెక్టర్ 6లో మా వెనక క్వార్టర్ అబ్బాయి, మా చర్చి పెద్దగారి కొడుకు. "నెలకి రెండుసార్లు. మిగతావాళ్లు రోజూ. నేను తాగకపోతే నాతో ఎవరు కూర్చుంటారు?" అని రాశాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న వాళ్ల నాన్నతో అన్నాను:

"అన్నయ్యా, అబ్బాయిని కాస్త చూసుకోండి. తాగుతున్నాడు."

"ఎవుడు చెప్పాడు తమ్ముడూ?"

"పిల్లలే అనుకుంటున్నారు."

కాగితం చదివి పట్టుకున్నానని చెప్పలేకపోయాను. అబద్ధం ఊపిరంత తేలిగ్గా వచ్చేసింది.

మర్నాడు కాలేజీ సైకిల్ స్టాండులో ఆ అబ్బాయి, చరోదా నుంచి వచ్చే, వేరే తరగతిలో చదివే తన తెలుగు స్నేహితుడి కాలర్ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి తాగేవాళ్లు.

"నువ్వే చెప్పావు మా నాన్నకి!"

"ఏటిరా, పిచ్చా? మీ నాన్నని చూస్తేనే రోడ్డు దాటీసి పోతాను. నేనెళ్లి చెప్తానా?"

"ఇంకెవుడికి తెలుసు?"

నాలుగడుగుల దూరంలో నేను స్కూటర్‌కి తాళం వేస్తున్నాను. వేసిన తాళమే మళ్లీ మళ్లీ వేశాను.

వారం తర్వాత ఫలితాలు బోర్డు మీద గీతలు గీసి చూపించాం. చాలామంది అసలు తాగరు, తాగేవాళ్లూ ఎప్పుడో ఒకసారి. "మరి రోజూ తాగేది ఎవరు సార్?" అని ఒకడు, "నీ కలలో వాళ్లు భయ్యా" అని ఇంకొకడు. గదంతా నవ్వింది. ఎవరు చూడాలని ఆ గీతలు గీశామో, ఆ అబ్బాయి రాలేదు. తర్వాత వాళ్లిద్దరూ క్యాంటీన్లో ఒకే బెంచీ మీద కూర్చోగా నేను చూడలేదు.

పోయిన నెల చరోదాలో ఆ స్నేహితుడు కనిపించాడు. రైల్వేలో చేస్తున్నాడు. అంతా చెప్పేశాను.

"నాకెందుకు చెప్తున్నారంకుల్? వాడికి చెప్పండి."

అతని నంబరు తీసుకున్నాను. ఆ ఆదివారమే సెక్టర్ 4కి వెళ్లాను. ఆ అబ్బాయి ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు. ఇంకా తాగుతున్నావా అని అడిగే హక్కు నాకు లేదు, అడగలేదు. జరిగింది మాత్రం చెప్పాను. తిడతాడనుకున్నాను. నా వైపు చూడనైనా చూడలేదు. ఫోన్ తీసి, చాలాసేపు వెతికి, "వాడి నంబరు లేదు" అన్నాడు. నేను చదివి చెప్పాను.

అటునుంచి "హలో, ఎవరు?" అని వినిపించింది. మళ్లీ వినిపించింది. ఫోన్ చెవికి ఆనించుకుని, అతను ఇంకా మాట కోసం వెతుక్కుంటూనే ఉన్నాడు.