పక్క సీటు బెల్ట్

దయ్యాల కథలు చెప్పేవాళ్లని చూస్తే నాకు మొదట్నుంచీ ఒకటే అనుమానం, వీళ్లు సరిగ్గా నిద్రపోతున్నారా అని. గుంటూరులో మెడిసిన్ చదివేటప్పుడు హాస్టల్లో మిగతా అమ్మాయిలు శవాలుండే డిసెక్షన్ హాల్ గురించి ఏవేవో చెప్పుకుని భయపడేవాళ్లు. నేను అదే హాల్లో ఒక్కదాన్నే కూర్చుని పరీక్షలకి చదువుకున్నాను. ఏనాడూ ఏమీ కనబడలేదు. కనబడుతుందని అనుకోనూ లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లోవాళ్లకి, ఇంకొక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. డాక్టర్ అయ్యుండి ఇలాంటివి మాట్లాడితే ఏమనుకుంటారోనని మొహమాటం. రిటైరయ్యాక ఆ మొహమాటం తగ్గింది.

డెబ్భైల చివర్లో మేం అరిజోనాలో చాండ్లర్‌లో ఉండేవాళ్లం. మా ఆయన రఘు కంప్యూటర్ చిప్స్ తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీర్. నేను ఫీనిక్స్‌లో ఒక పెద్ద హాస్పిటల్లో ఎమర్జెన్సీ వార్డులో రెసిడెంట్ డాక్టర్‌ని. అప్పటి చాండ్లర్‌లో ఇళ్లకన్నా పత్తి చేలే ఎక్కువ. కారు లేకపోతే కాలు బయట పెట్టలేం. ఒక కారు మా ఆయన తీసుకెళ్తారు కాబట్టి నాకోసం ఇంకోటి వెతికాం.

పక్క ఊరు మేసాలో ఉండే హాన్సన్ అనే పెద్దాయన తన కారు అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాం. డెబ్భై నాలుగు మోడల్, నాలుగు తలుపులు, లేత ఆకుపచ్చ రంగు. అమెరికావాళ్లు దాన్ని కాంపాక్ట్, అంటే చిన్న కారు, అనేవాళ్లు. నాకు మాత్రం పడవలా అనిపించింది. కంపెనీ పేరు ఎందుకులెండి, ఆ కార్లని ఇప్పటికీ తుడిచి దాచుకునేవాళ్లు ఉన్నారు. ముందు సీటు సోఫాలాగా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకటే, స్టీరింగ్ అక్కడి పద్ధతిలో ఎడమ పక్కన. ఎండలో పెడితే ఆ రెక్సిన్ మీద చెయ్యి కూడా పెట్టలేం.

పెద్దాయన భార్య ఐరీన్‌కి పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. ఆవిణ్ణి నర్సింగ్ హోమ్‌లో చేర్చాక కారుతో పనిలేదని అమ్మేస్తున్నాడు. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గరలా ఆపరేషన్లు చేసే చోటు కాదు, లేవలేని పెద్దవాళ్లని ఉంచుకుని చూసుకునే చోటు. తాళాలు ఇచ్చేటప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు, ఎప్పుడైనా దీన్ని వదిలించుకోవాలనుకుంటే ముందు తనకి చెప్పమని. సరే అన్నాను.

ఆ ఒక్క ఏడాది మోడల్ కార్లకి ఒక విచిత్రమైన ఏర్పాటు ఉండేది. ముందు సీట్లో ఎవరైనా కూర్చుని బెల్ట్ పెట్టుకోకపోతే కారు స్టార్ట్ కాదు. సీటు కింద ఉన్న సెన్సర్ బరువు పసిగడుతుంది, బజర్ మోగుతుంది. పక్క సీట్లో బియ్యం బస్తా పెట్టినా మనిషే అనుకుని గోల చేసేది. జనం విసుక్కుంటే తర్వాత ఆ రూల్ ఎత్తేశారు.

మొదటి కొన్ని వారాలు కారు బాగానే నడిచింది. ఒకరోజు డ్యూటీ అయ్యాక హాస్పిటల్ పార్కింగ్‌లో కూర్చుని తాళం తిప్పితే బజర్ మోగింది. నా బెల్ట్ పెట్టుకునే ఉన్నాను. పక్క సీటు ఖాళీ, హ్యాండ్‌బ్యాగ్ కూడా వెనకే ఉంది. మళ్లీ మళ్లీ తిప్పాను. చివరికి వంగి పక్క సీటు బెల్ట్ లాగి బకిల్‌లో పెట్టాను. కారు వెంటనే స్టార్ట్ అయింది.

అప్పట్నుంచి అదే తంతు. మా ఆయన సీటు కింద దూరి చూసి, సెన్సర్ పాడయిందన్నారు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అతను ఆ సెన్సర్ వైరు కత్తిరించి, ముక్క నా చేతిలో పెట్టాడు. ఇక మోగదన్నాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ మోగింది. మా ఆయనకి పట్టుదల వచ్చి మీటరు పెట్టి వైర్లన్నీ చూశారు. మోగడానికి కారణమే లేదన్నారు. ఇంకో చిత్రం, ఆయన నడిపినప్పుడు మాత్రం ఎప్పుడూ మోగేది కాదు.

నేను పెద్దగా పట్టించుకోలేదు. పాత కారుకి పాత కారు బుద్ధులు ఉంటాయి. ఎక్కగానే నా బెల్ట్, తర్వాత పక్క బెల్ట్ పెట్టడం చేతికి అలవాటైపోయింది.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక బుధవారం మధ్యాహ్నం ఇంటికొస్తున్నాను. రెండు పక్కలా పత్తి చేలు, రోడ్డు తిన్నగా ఉంది. అడ్డరోడ్డు మీంచి ఒక పికప్ ట్రక్ స్టాప్ సైన్ దగ్గర ఆగకుండా వచ్చేసింది. బ్రేక్ తొక్కాను కానీ చాలలేదు. నా కారు ముందు భాగం దాని నడుముకి గుద్దుకుంది.

ఆ చప్పుడు నాకు గుర్తులేదు. బెల్ట్ ఛాతీకి అడ్డంగా పట్టేసి ఊపిరి ఆడకపోవడం గుర్తుంది. ట్రక్ అతనికి పెద్దగా ఏం కాలేదు. తప్పు తనదేనని పోలీసుతో అతనే ఒప్పుకున్నాడు. నాకు ఎడమ కాలర్‌బోన్‌లో, అంటే మెడ కింది ఎముకలో, చిన్న చీలిక, ఒళ్లంతా నొప్పులు. మా హాస్పిటల్‌కే తీసుకెళ్లారు. రోజూ నేను చూసే పేషెంట్ల మంచం మీద నన్ను పడుకోబెట్టి, ఎడమ చేతికి కట్టు కట్టి మెడకి వేలాడదీశారు.

రెండు రోజుల తర్వాత ఇన్సూరెన్స్ మనిషి ఇంటికి ఫోన్ చేశాడు. మా ఆయన తీశారు. కాసేపు విని, "లేదండీ, ఆవిడ ఒక్కతే ఉంది," అన్నారు. మళ్లీ విన్నారు. ఫోన్ పెట్టేసి నావైపు చూశారు.

"నీ పక్కన కూర్చున్న మనిషి ఏ హాస్పిటల్లో ఉన్నారని అడుగుతున్నాడు."

పాడైన కార్లు పడేసే యార్డ్‌కి ఇద్దరం వెళ్లాం. ఇన్సూరెన్స్ మనిషి నెమ్మదస్తుడు, ఏళ్ల తరబడి ఇదే పని చేస్తున్నవాడు. పక్క సీటు తలుపు తీసి చూపించాడు. బకిల్ ఇంకా పెట్టే ఉంది. బెల్ట్ పట్టీ సాగిపోయి వదులుగా వేలాడుతోంది. పైన భుజం దగ్గర అది ఇనప రింగులోంచి వచ్చే చోట రాపిడికి నైలాన్ పోగులు కరిగి గాజులా మెరుస్తోంది. నా బెల్ట్ మీద కూడా సరిగ్గా అదే చోట, అదే మెరుపు.

"ఖాళీ బెల్ట్ ఇలా అవ్వదు. మనిషి బరువు పడితేనే అవుతుంది," అన్నాడు.

తర్వాత కిందికి చూపించాడు. పక్క సీటు ముందు, డ్యాష్‌బోర్డ్ అడుగున, గ్లవ్ బాక్స్ మూత లోపలికి సొట్ట పడి ఉంది. పక్కపక్కనే రెండు సొట్టలు. మోకాళ్లు కొట్టుకుంటే పడేవి. ఆ గాయాలు తగిలినవాళ్లకి నేనే కట్లు కట్టేదాన్ని కాబట్టి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పక్కనే ఉన్న కారు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను.

ఇంటికొచ్చాం. అన్నం పెట్టుకున్నాక మా ఆయన కంచంలోకి చూస్తూనే అడిగారు, "ఎవర్నైనా ఎక్కించుకున్నావా?"

"లేదండీ."

"ఎక్కించుకుంటే చెప్పు. నేనేమీ అనను."

లేదని మళ్లీ చెప్పాను. ఆయన తలూపారు, కానీ నమ్మలేదని నాకు తెలిసిపోయింది. పెళ్లయినప్పట్నుంచీ మా మధ్య అలాంటి మాట రాలేదు. ఇంట్లో ఉప్పు అందించమనడానికి కూడా ఇద్దరం ఆలోచించే పరిస్థితి వచ్చింది. అది నన్ను యాక్సిడెంట్ కన్నా ఎక్కువ బాధపెట్టింది.

కారు ఇక పనికిరాదని తేల్చారు. హాన్సన్ గారికి ఇచ్చిన మాట గుర్తొచ్చి ఫోన్ చేశాను. ఆయన గొంతు బాగాలేదు. పగలంతా భార్య దగ్గరే ఉంటున్నానని, అక్కడికే రమ్మన్నాడు. నా చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది కాబట్టి మా ఆయనే తీసుకెళ్లారు.

నర్సింగ్ హోమ్ వరండాలో హాన్సన్ నా చేతి కట్టు కూడా గమనించే స్థితిలో లేడు. తన భార్యని ఇక్కడి ఆయా ఎవరో కొట్టిందన్నాడు. రోజా అనే ఆ ఆయాని పని మాన్పించి ఇంటికి పంపారట. పోలీసు కంప్లయింట్ ఇస్తానన్నాడు. "మీరు డాక్టర్ కదా, ఒక్కసారి చూడండి. నోరులేని మనిషిని ఏం చేశారో చూడండి."

లోపలికి వెళ్లాను. మా ఆయన గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఐరీన్‌ని నేను చూడటం అదే మొదటిసారి. తెల్లటి జుట్టు, చిన్న ఆకారం, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. హాన్సన్ గౌను భుజం మీంచి కాస్త జరిపాడు.

కుడి భుజం నుంచి ఎడమ తుంటి వైపు ఏటవాలుగా, నాలుగు వేళ్ల వెడల్పున, కమిలిన చార. అంచులు గీత గీసినట్టున్నాయి. చేత్తోనో కర్రతోనో కొడితే అలా రాదు. దుప్పటి తీసి మోకాళ్లు చూశాను. రెండూ నల్లబడి ఉన్నాయి.

"ఎప్పుడు చూశారు దీన్ని?" అని అడిగాను.

"పోయిన బుధవారం. సాయంత్రం స్నానం చేయించేటప్పుడు. పొద్దున లేదు."

కమిలిన చోట అంచులు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి. దెబ్బ తగిలి ఎన్నాళ్లయిందో ఆ రంగుని బట్టి చెప్పొచ్చు. ఆ రంగు నాకు బాగా తెలుసు, ఆ పొద్దున స్నానం చేస్తూ నా ఒంటి మీద చూసుకున్నదే.

ఐరీన్ నన్నే చూస్తోంది. మంచి చెయ్యి, ఎడమది, మెల్లగా పైకెత్తింది. నా చొక్కా మెడ దాకా బటన్లు పెట్టి ఉంది. చెయ్యి కట్టులో ఉంటే దెబ్బ మోచేతికా, మణికట్టుకా ఎవరికీ తెలియదు. ఆవిడ వేళ్లు తిన్నగా వచ్చి నా ఎడమ కాలర్‌బోన్ మీద, చీలిక ఉన్న చోటే ఆగాయి. నొక్కలేదు. అలా పెట్టి ఉంచింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాను. ఒంటిచేత్తో బటన్లు తీసి అద్దంలో చూసుకున్నాను. నాది ఎడమ భుజం నుంచి కుడి తుంటికి. అద్దంలో మాత్రం ఇప్పుడే మంచం మీద చూసిన చార ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. మా ఆయన తలుపు కొట్టారు.

బయటికొచ్చి హాన్సన్ గారిని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాను. ఏం చెప్పాలో నాకే తెలియదు. చెప్పకపోతే ఏ పాపం ఎరగని ఆయా జైలుకి పోతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బజర్, కత్తిరించిన వైరు, యాక్సిడెంట్, సొట్టలు, అన్నీ. పిచ్చిదానిలా కనబడతానని తెలుసు.

అంతా విన్నాక ఆయన అడిగాడు, "బెల్ట్ పెట్టింది మీరేనా?"

"అవునండీ. పెట్టకపోతే కారు కదలదు."

"ఐరీన్ ఎప్పుడూ తనంతట తను పెట్టుకునేది కాదు," అన్నాడు. "బట్టలు నలుగుతాయనేది. బజర్ అలా మోగుతూనే ఉండేది. నేనే వంగి పెట్టేవాణ్ణి, ప్రతిసారీ."

తర్వాత నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. లేచి ఆఫీస్ గదిలోకి వెళ్లాడు. వాళ్లకి ఏం చెప్పాడో నాకు తెలియదు. తన అనుమానం తప్పని, రోజాని వెనక్కి పిలవమని అడిగాడని, ఆమె మళ్లీ పనిలో చేరిందని తర్వాత ఫోన్‌లో చెప్పాడు.

ఇంటికి వచ్చే దారిలో మా ఆయన కారు పక్కకి తీసి ఆపారు. గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ భుజాన్ని ఆయనా చూశారు. "ఆ రోజు నిన్నలా అడిగాను," అని మొదలుపెట్టి ఆగిపోయారు. పర్వాలేదన్నాను.

ఐరీన్ ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. వీలున్నప్పుడల్లా వెళ్లి చూసేదాన్ని. మాట రాలేదు, నన్ను గుర్తుపట్టేదో లేదో కూడా చెప్పలేను. నా కాలర్‌బోన్ మీద మళ్లీ ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు.

తర్వాత ముప్ఫై ఏళ్ల పైచిలుకు ఎమర్జెన్సీలోనే పనిచేశాను. బెల్ట్ వల్ల పడ్డ మచ్చలు లెక్కలేనన్ని చూశాను. ముసలివాళ్ల చర్మం ఊరికే కములుతుందని తెలుసు, మందుల వల్ల కూడా కములుతుందని తెలుసు. అవన్నీ ఐరీన్ విషయంలో పెట్టి చూసుకున్నాను. ఏదీ సరిపోలేదు. మంచం దిగలేని మనిషి ఒంటి మీద, పద్నాలుగు మైళ్ల అవతల జరిగిన యాక్సిడెంట్ మచ్చ ఎలా పడిందో నాకు ఈ రోజుకీ తెలియదు.