చూలు కుక్కకు కార్జం

నా చిన్నప్పుడు మాకు ఇల్లంటే గొర్రెల మంద పడుకున్న చోటే. ఎరువు కోసం రైతులు పిలిస్తే రేపల్లె చుట్టుపక్కల చేలల్లో మంద కట్టేవాళ్లం. మా తాతయ్య, చిన్నాన్న, నేను, ఒక ఎర్రకుక్క. కాపలా అంతా ఆ కుక్కదే.

ఆ ఏడు వానలు వెనకబట్టాక గొర్రెలకు మూతివాపు వచ్చింది. మూతులు ఉబ్బాయి, నాలుకలు నీలంగా మారాయి. మేత ముట్టక కొన్ని చచ్చిపోయాయి. ఎర్రకుక్క అప్పుడు చూలుతో ఉంది. మాలో ఒక పద్ధతి ఉండేది. మందకుక్క కడుపుతో ఉంటే, గొర్రెను కోసిన రోజున కార్జం దానికే. మనుషులు తర్వాత. ఇక బతకదనుకున్న ఒక గొర్రెను కోసి, తాతయ్య పచ్చి కార్జం కుక్క ముందు పెట్టాడు.

“మాకు తోకన్నా మిగులుద్దా?” అన్నాడు చిన్నాన్న.

“నువ్వూ కడుపుతో ఉండు, నీకే పెడతా” అన్నాడు తాతయ్య. అందరం నవ్వాం.

కొన్నాళ్లకు కుక్క తిండి మానేసింది. రోజులు నిండకుండానే పిల్లల్ని ఈచుకుపోయింది. ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. ఆ తర్వాత దానికి ఊపిరి ఆడలేదు. డొక్కలు ఎగరేస్తూ పడి ఉంది. పాము ముట్టిందేమోనన్నాడు చేను రైతు. తాతయ్య గొర్రెలకు చేసే వైద్యాలన్నీ చేశాడు. ఏదీ పనిచేయలేదు. ఏమైందని అడిగితే “నాకు తెలీదమ్మా” అన్నాడు. పెద్దవాళ్లకు తెలియనిది ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మంద ఆ రోజే వేరే చేలోకి కదలాలి. “ఎటూ బతకదుగా, కాలవ గట్టున వదిలేసి పోదాం” అన్నాడు చిన్నాన్న.

“బతకదు కాబట్టే నేను ఉంటన్నాన్రా. నువ్వు తోలుకుపో.”

మంద వెళ్లిపోయింది. తాతయ్య పైగుడ్డ కొస తడిపి కుక్క నోటికి అద్దుతూ కూర్చున్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. పొద్దు వాలకముందే పోయింది. ముందు పూడ్చిన పిల్లల పక్కనే దాన్నీ పూడ్చి, గొర్రెల కాలిగుర్తులు చూసుకుంటూ బయల్దేరాం. దారిలో ఆయన అలవాటుకొద్దీ ఒకసారి వెనక్కి తిరిగి కుక్కను పిలిచాడు.

ఈమధ్య తెనాలిలో మా మనవరాలి మేకను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. గోడ మీద నీలి నాలుక రోగం బొమ్మ ఉంది. లేటుగా నేర్చిన అక్షరాలు కదా, కూడబలుక్కుని చదివాను. డాక్టరమ్మకు మా కుక్క సంగతి చెప్పాను.

“అరుదుగా చూలు కుక్కలకూ వస్తుందండి మామ్మగారూ. పిల్లలు పోతాయి, తల్లీ పోవచ్చు. దోమలాంటి పురుగు కుట్టినా రావచ్చు, జబ్బు గొర్రె మాంసం తిన్నా రావచ్చు. మీ కుక్కకి అదేనని ఇప్పుడు చెప్పలేనండి.”

కార్జం పెట్టింది మా తాతయ్య చెయ్యే. ఈ మాట వినకుండానే పోయాడు. మంచిదే అనుకుంటాను.

చూలు కుక్కకు పచ్చి మాంసం వేయొద్దని ఇప్పుడు కనబడినవాళ్లకల్లా చెబుతున్నాను. అది డాక్టరమ్మ చెప్పింది. తాతయ్య దగ్గర నేర్చుకున్నది వేరు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్తే ఈనాటికీ గుడ్డ తడుపుకుని పక్కన కూర్చుంటాను.