గొంతులో బుడిపె, ఇంట్లో బామ్మర్ది

మాచర్ల బస్టాండు దగ్గర "రెంటచింతల, రెంటచింతల" అని ఆటోలోకి జనాన్ని పిలిచీ పిలిచీ నా గొంతు బొంగురుపోయింది. మిరియాల పాలు తాగినా తగ్గలేదు. మా ఆవిడ నన్ను నరసరావుపేట లాక్కెళ్ళింది. డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి టీవీలో చూపించింది. మాట పలికించే మడత మీద, తడి పొరలో, పెసరగింజంత బుడిపె. పాలిప్ అంటారట. భయపడాల్సిన రకం కాదు, అరుపులకే వచ్చిందని చెప్పి, తీసేసి, తాను చెప్పేదాకా నోరు విప్పొద్దంది. గుసగుసలు కూడా వద్దంది. పెళ్ళాం చెవిలో చెప్పుకునేవి కూడా డాక్టర్లు ఆపితే ఎట్లా?

మా ఆవిడ ఊరికే నవ్వే మనిషి కాదు. ఆమెను నవ్వించడం నా ఒక్కడి వల్లే అవుతుందని ఇన్నేళ్ళూ నాకు గర్వం. అట్లాంటిది, నన్ను చూడ్డానికని బత్తాయిలు పట్టుకొచ్చిన మా బామ్మర్ది నా పెళ్ళిచూపుల కథే ఎత్తుకున్నాడు.

"అక్కా, ఏం చదివావు నాయనా అని నాన్న అడిగాడు గదా. బావేమన్నాడు? ఐదో తరగతి రెండుసార్లు చదివా మామా, మొత్తం పది!"

అది నా జోకు. ఎక్కడ ఆగాలో కూడా తెలియక గబగబా చెప్పేశాడు. ఎవరూ నవ్వరులే అని హాయిగా గోడకి చేరగిలబడ్డాను. వాడు ఆగలేదు.

"అది నమ్మి పిల్లనిచ్చాడంటే నాన్న ఒకటో తరగతి కూడా దాటలేదక్కా!"

"ఆపరా ఎదవా, కడుపునొప్పొస్తంది!" ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

జోకు దొంగిలించినందుకు కాదు నా మంట. వాడు తగిలించిన తోక నా జోకు కన్నా బాగుంది. దానికి జవాబు నా నాలుక మీదికొచ్చింది. నోరు తెరిచాను. మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమయ్యో, మూస్కో! మళ్ళీ మొలుస్తది."

"బావ మొహం చూడక్కా, కల్లంలో ఆరేసిన మిరగ్గాయల్లే ఉంది!"

మళ్ళీ నవ్వులు.

డాక్టరమ్మ ఇక మాట్లాడొచ్చన్న రోజున, తిరుగు బస్సులోనే దాచుకున్న జవాబు చెప్పాను. "మీ నాన్నకి లెక్క తెలుసే. నీ తమ్ముడికి ట్యూషన్ చెప్పడానికే నన్ను తెచ్చుకున్నాడు."

పక్కింటి పిల్లాడు పద్యం అప్పజెప్తే నవ్వినట్టు నవ్వింది. తర్వాత కిటికీలోంచి చూస్తూ అడిగింది, "తమ్ముడు ఆదివారం వస్తానన్నాడు గదా?"

"పనుందంట, రాడంట," అన్నాను. గొంతు ఎక్కడా జీరపోలేదు.