తెరిచి చూశాను

మా అక్క మొగుడికి ఆ బళ్లో పెట్టిన పేరు పచ్చలైటు. చెవిటి పిల్లలకు మాట నేర్పే బడి అది. అక్కడ సర్వర్లన్నీ బావ చూస్తాడు, కరెంటు పని నాది. కంప్యూటర్ల గురించి ఎవరు ఏ అనుమానం అడిగినా బావ తన గది తలుపు తీసి, పెట్టె మీద వెలిగే దీపం చూపించి, "పచ్చలైటు వెలుగుతోందిగా, ఇంకేం?" అనేవాడు. చెడ్డవాడు కాదు. వారానికోసారి పాస్‌వర్డు మరిచిపోయే ఆయాను కూడా విసుక్కునేవాడు కాదు. దీపాన్ని చూస్తే చాలు, ఇట్టే నమ్మేస్తాడు, అంతే.

ఆ బళ్లో టీచరమ్మ ఆరేళ్లుగా ప్రతి పిల్ల గొంతూ రికార్డు చేసింది. చేరిన రోజు అరుపు, ఏడాదికి వచ్చిన సగం మాట, ఆ తర్వాత పూర్తి మాట. దిగులుపడే తల్లిదండ్రులకు అవి వరసగా వినిపించి ధైర్యం చెప్పేది.

ఆ రికార్డులతో పాత డిస్కు నిండిపోతే, రెండేళ్ల కిందట బావ వాటిని పెద్ద డిస్కులోకి మార్చాడు. పాత చోట షార్ట్‌కట్ ఒకటి వదిలాడు. రోజూ బ్యాకప్, అంటే రెండో కాపీ, తీసే ప్రోగ్రాముకు మాత్రం పాత చోటే తెలుసు. ఇంటిని వదిలేసి, ఇంటికి దారి చూపే బోర్డును రెండేళ్లపాటు భద్రంగా దాచింది. పాత బ్యాకప్‌లు నెల తిరిగేసరికి చెరిగిపోయాయి. దీపం మాత్రం పచ్చగానే వెలిగింది.

ఇది మొదటి వారంలోనే దొరకాల్సిన తప్పు. బ్యాకప్ నుంచి రోజూ ఒక ఫైలు వెనక్కి తెచ్చి, విని, రిజిస్టరులో "తెరిచి చూశాను" అన్న గడిలో టిక్కు పెట్టాలి. పక్కన సాక్షి సంతకం ఉండాలి. మేమేం చేసేవాళ్లం? సోమవారం టీ తాగుతూ వారం గళ్లన్నీ ఒక్క ఊపులో నింపేసేవాళ్లం. టిక్కులు బావవి, సాక్షి సంతకం నాది.

పెద్ద డిస్కు ఒక పొద్దున చచ్చిపోయింది. బ్యాకప్ తెరిస్తే షార్ట్‌కట్ తప్ప ఏమీ లేదు. టీచరమ్మే వచ్చి, యంత్రం పాడైతే మీరేం చేస్తారని ఓదార్చి వెళ్లింది.

"డిస్కే పోయిందని అందరూ అనుకుంటున్నారు బావా, నువ్వు ఊరుకో," అన్నాను. బావ మీద ప్రేమతో అన్నాననే అప్పుడు అనుకున్నాను. నిజానికి నా సంతకం గురించి భయం.

"ఊరుకుంటే రేపు కూడా ఆవిడ నన్నే ఓదారుస్తుందిరా. అది నావల్ల కాదు," అన్నాడు.

మర్నాడు రిజిస్టరు పట్టుకుని ఆమె గదికి వెళ్లాడు. నేనక్కడే నిచ్చెనెక్కి ట్యూబ్‌లైటు మారుస్తున్నాను. బావ తల వంచుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ పేజీలు తిప్పుతూ పోయింది.

"ఒక్కరోజైనా తెరిచారా?"

"లేదమ్మా."

"నా దగ్గర ఇంకో కాపీ ఉండేది. పోయిన వేసవిలో చెరిపేశాను. మీ టిక్కులు చూసే చెరిపేశాను."

ఆవిడ వేలు పక్క గడి మీదికి వచ్చింది. అక్కడున్నది కోడి కెలికినట్టుండే నా గీత.

"ఈ సంతకం ఎవరిది?"

బావ తలెత్తి నా వైపు చూడలేదు. "అదెవరిదైనా ఒకటేనమ్మా. చూడాల్సింది నేను," అన్నాడు.

ట్యూబు అప్పటికే బిగిసింది. అయినా నేను దాన్ని తిప్పుతూనే ఉన్నాను. దిగడానికి మూడే మెట్లు, దిగలేకపోయాను.

ఇప్పుడు బావ టిక్కులు పెట్టడు. రోజూ ఒక కొత్త రికార్డు వెనక్కి తెచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏం విన్నాడో ఆ గడిలో రాస్తాడు. "పాప, బంతి, రెండుసార్లు." తర్వాత హెడ్‌ఫోన్లు నాకిస్తాడు. నేనూ విని సంతకం పెడతాను. ఆ రోజు సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఆ సంతకం నాదేనని టీచరమ్మకు మాత్రం నేను ఇంతవరకూ చెప్పలేదు. ఆ రోజు నేను నిచ్చెన దిగాక, ఆవిడ కళ్లు తుడుచుకుని, లైటు బాగుచేసినందుకు నాకు థాంక్స్ చెప్పింది.